తేట నీరు, చిక్కటి మడ్డి: థిక్నర్‌లో ఫ్లాక్యులెంట్ చేసే పని

(విజయనగరంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, చుట్టుపక్కల ప్లాంట్ల ఆపరేటర్లు కలిసిన సమావేశంలో ఒక రిటైర్డ్ మినరల్ ప్రాసెసింగ్ ఇంజనీరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్లకి వినబడుతోందా? బాబూ, ఆ మూల ఫ్యాను కాస్త తగ్గించు, దాని చప్పుడే నాకంటే ఎక్కువగా ఉంది. ఆఁ, చాలు.

బల్ల మీద మూడు కొలజాడీలున్నాయి, చూస్తున్నారు కదా. ఒక్కోటీ లీటరు. మూడింట్లోనూ ఒకే బురద. మా ఊరి మెట్ట మీద ఎర్రమట్టి తెచ్చి, మెత్తగా నూరి, జల్లెడ పట్టి, లీటరుకి 50 గ్రాముల లెక్కన కలిపాను. చిటికెడు సున్నం కూడా పడింది. ఎందుకో తర్వాత చెబుతాను. మొదటి జాడీలో ఇంకేమీ వెయ్యను. దాన్ని అలా వదిలేద్దాం. ఎవరైనా టైము రాసుకోండి.

నేను శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున పుట్టినవాణ్ని. ఆషాఢం వచ్చిందంటే నదిలో నీళ్లు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. కొండల మీద వాన పడితే చాలు, ఇక్కడ టీ రంగు. ఆ నీళ్లే తాగాలి మరి. మా మామ్మ ఏం చేసేదంటే, ఇండుప గింజ తీసి కుండ లోపలి గోడకి అరగదీసేది. కొంతమంది చిల్లగింజ అంటారు. అరగదీసి, చేత్తో మెల్లగా ఒకే వైపు తిప్పేది. తిప్పి మూతపెట్టేది. పొద్దున్నకి పైన తేట, అడుగున మడ్డి. మేం పిల్లలం ఊరుకుంటామా? కుండలో చెయ్యి పెట్టి గిరగిరా తిప్పేసేవాళ్లం. "ఒరే, తేరుకున్న నీళ్లు కెలికేశార్రా" అని వీపు మీద ఒకటిచ్చేది.

ఆ దెబ్బ నాకు నలభై ఏళ్ల ఉద్యోగంలో పనికొచ్చింది. నిజంగా చెబుతున్నాను. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ కుండలో ఉంది. గింజ ఎంత వేశావన్నది ఒక లెక్క. ఎలా కలిపావన్నది దానికంటే పెద్ద లెక్క.

సరే, ముందు ఒక ప్రశ్న. మట్టి నీళ్లకంటే బరువే కదా? మరి అడుక్కి ఎందుకు దిగదు?

దిగుతుంది. కానీ ఎంతసేపటికి? లెక్క చూడండి. ఇసుక రేణువు ఒకటి, 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. అది కదలని నీళ్లలో సెకనుకి సుమారు 9 మిల్లీమీటర్లు దిగుతుంది. మీటరు లోతుకి రెండు నిమిషాలు కూడా పట్టదు. దాన్ని నూరి 10 మైక్రాన్లు చేశాం. పది రెట్లు ఆలస్యమవుతుందా? కాదు, వంద రెట్లు. మీటరు దిగడానికి మూడు గంటలు. ఇంకా నూరి 1 మైక్రాన్ చేశాం. ఇప్పుడెంత? ఎవరు చెబుతారు? ఆ ఎర్ర చున్నీ అమ్మాయి చెప్పింది, పదమూడు రోజులు. సరిగ్గా చెప్పావమ్మా. వేగం రేణువు సైజు వర్గాన్ని, అంటే స్క్వేర్‌ని బట్టి మారుతుంది. దీన్నే స్టోక్స్ సూత్రం అంటాం, పుస్తకంలో చదివే ఉంటారు. అదీ నీళ్లు అస్సలు కదలకుండా ఉంటే సంగతి. మధ్యాహ్నం ఎండకి తొట్టిలో నీళ్లు వేడెక్కి కాస్త కదిలినా చాలు, ఆ పదమూడు రోజుల లెక్క గాల్లో కలిసిపోతుంది.

గనిలో మనం చేసే పనేంటి? నూరడం. ఖనిజం రాయిలోంచి విడిపోవాలంటే నూరక తప్పదు. మన జిల్లాలో ఈ పని కొత్తది కాదు. ఇక్కడికి దగ్గర్లో గరివిడి పక్కన కోడూరు ఉంది. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఈ ప్రాంతంలోనే, 1892లో. అప్పటికి విజయనగరం జిల్లా లేదు లెండి, అదంతా విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. మన జిల్లా వచ్చింది 1979లో. ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి రాయికి కోడూరు పేరు మీదే కోడురైట్ అని పేరు పెట్టాడు. మన ఊరి పేరుతో ప్రపంచంలో ఒక రాయి ఉంది, ఎంతమందికి తెలుసు? నలుగురు చేతులెత్తారు. ఫరవాలేదు.

తూర్పు కనుమల ఖోండలైటు రాయి ఎండకీ వానకీ నాని నాని మట్టి అయిపోతుంది. తెల్లటి సుద్ద లాంటి కేయొలినైట్ దాంట్లోంచే వస్తుంది. అంటే మన వైపు ఏ ఖనిజం కడిగినా బంకమట్టి తోడొస్తుందన్నమాట. టెక్కలి వైపు గ్రానైటు కోసే షెడ్ల దగ్గర తెల్లటి బురద చూసుంటారు, పరిమాణం తక్కువైనా కథ అదే. మెత్తటి పొడి, నీళ్లు, రెండూ ఒకదాన్నొకటి వదలవు.

ఎందుకు వదలవు? బంకమట్టి రేణువుల పైభాగం మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. అన్నిటి మీదా అదే ఆవేశం. ఒకదాని దగ్గరికి ఇంకొకటి వస్తే తోసేసుకుంటాయి. బస్సులో కిటికీ సీటు కోసం తోసుకున్నట్టే, ఎవరూ ఎవరికీ అంటుకోరు. అంటుకుంటేనే కదా బరువెక్కి దిగేది.

దీనికి రెండు మందులున్నాయి. చాలామంది ఈ రెంటినీ కలిపేసి మాట్లాడతారు, అందుకే కొంచెం నిలబడి చెబుతున్నాను. పటిక, సున్నం, ఫెర్రిక్ క్లోరైడు లాంటివి ఆ ఆవేశాన్ని చల్లారుస్తాయి. తోపులాట తగ్గి, రేణువులు చిన్న చిన్న ముద్దలవుతాయి. వీటిని కోయాగ్యులెంట్లు అంటాం. ఫ్లాక్యులెంటు పని వేరు. అది పొడవాటి గొలుసు. ఒక కొస ఈ రేణువుని పట్టుకుంటుంది, ఇంకో కొస ఆ రేణువుని పట్టుకుంటుంది, మధ్యలో వంతెన. అలా వందలూ వేలూ కలిసి పెద్ద పెద్ద తరకలు అవుతాయి. పాలు విరిగినప్పుడు చూస్తాం కదా, అలా. ఆ తరకల్నే ఫ్లాక్స్ అంటాం.

పూర్వం దీనికి గంజి పిండి వాడేవారు. గోరుచిక్కుడు గింజల జిగురు కూడా వాడారు. 1950ల నుంచి పాలీయాక్రిలమైడ్ వచ్చింది, ఇప్పుడు గనుల్లో ఎక్కువగా వాడేది అదే. దాని అణుభారం కోటి నుంచి రెండు కోట్ల దాకా ఉంటుంది. కోటిన్నర అనుకుందాం. ఒక్కో లింకు బరువు 71. భాగించండి. రెండు లక్షలకు పైగా లింకులున్న గొలుసు! ఈ మాట గుర్తుపెట్టుకోండి. పొడవే దాని బలం. పొడవు పోతే అది ఉత్త జిగురు నీళ్లు.

మరి గనుల్లో మామూలుగా వాడే రకం మీద కూడా రుణావేశమే ఉంటుంది, రుణావేశమున్న మట్టిని అది ఎలా పట్టుకుంటుందని మీలో ఎవరైనా అడగాలి. ఎవరూ అడగలేదు, నేనే అడుగుతున్నాను. అందుకే ఆ చిటికెడు సున్నం. సున్నంలోని కాల్షియం మధ్యలో నిలబడి ఇటు మట్టికి ఒక చెయ్యి, అటు గొలుసుకి ఒక చెయ్యి ఇస్తుంది. పెళ్లిళ్ల పేరయ్యలాగా.

ఇప్పుడు రెండో జాడీ. ఈ సిరంజిలో 3 మిల్లీలీటర్ల ఫ్లాక్యులెంటు ద్రావణం ఉంది, 0.05 శాతం. అంటే ఇందులో అసలు మందు ఒకటిన్నర మిల్లీగ్రాములు. జాడీలో మట్టి 50 గ్రాములు. టన్ను మట్టికి లెక్కేస్తే 30 గ్రాములు పడింది. టన్నుకి 30 గ్రాములు, అంటే మీ ఇంట్లో గుప్పెడు పప్పు కూడా కాదు. పోస్తున్నాను. ఈ చిల్లుల బిళ్ల కడ్డీతో పైకీ కిందకీ... ఒకటి... రెండు... మూడు... చాలు. కడ్డీ తీసేశాను. ముందు వరసవాళ్లు లేచి చూడండి. చూశారా, గింజలు గింజలుగా? మంచు పడ్డట్టు దిగుతున్నాయి. ఆ గీత చూడండి, పైన నీళ్లకీ కింద మట్టికీ మధ్య గీత. దాన్నే టైము పెట్టి కొలుస్తాం, ప్రతి నిమిషానికీ ఎంత దిగిందో రాసుకుంటాం. ల్యాబులో చేసే పరీక్ష ఇంతే. ఖరీదైన మెషీన్లేం అక్కర్లేదు. ఒక జాడీ, ఒక సిరంజి, ఒక వాచీ, ఒకటి కాదంటే పదిసార్లు చేసే ఓపిక.

మరి ఇంత హడావుడి దేనికి? నీళ్ల కోసం. వంద టన్నుల టైలింగ్స్ అనుకోండి, ఖనిజం తీసేశాక మిగిలే బురదలోని ఘనపదార్థం. వందలో 20 శాతం ఘనంతో బయటకి వదిలితే దానితో పాటు 400 టన్నుల నీళ్లు పోతాయి. అదే థిక్నర్‌లో, అంటే బురదని తేర్చే పెద్ద తొట్టిలో, 60 శాతానికి చిక్కబరిస్తే పోయేది 67 టన్నులే. 333 టన్నులు తిరిగి ప్లాంటుకి. ఎండాకాలంలో బోరు నీళ్లకి రైతులతో గొడవపడే ప్లాంటుకి ఆ 333 టన్నులంటే ఏమిటో ఇక్కడున్న ఆపరేటర్లని అడగండి, చెబుతారు.

నీళ్ల లెక్క ఒకటి, కట్ట లెక్క ఇంకొకటి. బురదని ఎక్కడో కట్ట కట్టి నిలవ చేస్తాం. ఆ కట్టలో నీళ్లెంత ఎక్కువుంటే ప్రమాదం అంత ఎక్కువ. 2019 జనవరి 25న బ్రెజిల్లో బ్రుమాడిన్యో దగ్గర ఇనుప ఖనిజపు టైలింగ్స్ కట్ట తెగింది. 270 మంది పోయారు. అప్పటికి ఆ కట్టలో కొత్తగా బురద పొయ్యడం ఆపేశారు కూడా. అయినా లోపల తడి ఉంది. గట్టిగా కనబడే మట్టి ఒక్కసారిగా పారింది. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. నేను మళ్లీ చూడలేకపోయాను.

ఇంక థిక్నర్ సంగతి. గుండ్రటి పెద్ద తొట్టి, అడుగు గరాటులా కొంచెం వాలుగా ఉంటుంది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో జాన్ డోర్ అనే ఇంజనీరు దీనికి రూపమిచ్చాడు. మధ్యలో ఒక పీప లాంటిది, ఫీడ్‌వెల్ అంటాం, బురద దాంట్లోకి వస్తుంది. అడుగున రేక్, మెల్లగా తిరుగుతూ మడ్డిని మధ్యకి గోకుతుంది. పైఅంచు మీంచి తేట నీళ్లు పొర్లుతాయి, అది ఓవర్‌ఫ్లో. కింది నుంచి చిక్కటి మడ్డిని పంపు లాగుతుంది, అది అండర్‌ఫ్లో. చూడ్డానికి మన కళ్లం దగ్గర నూర్పిడి ఎడ్లు తిరిగినట్టే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మీలో చోడి అంబలి కాచినవాళ్లెవరు? అమ్మాయిలు మాత్రమే చేతులెత్తుతారేంటయ్యా, మగపిల్లలకి అంబలి తాగడమే తప్ప కాచడం రాదా? చోడి పిండిని మరిగే నీళ్లలో ఒక్కసారిగా గుమ్మరిస్తే ఏమవుతుంది? ఉండలు కడుతుంది. ఉండ బయట ఉడికిపోయి జిగురవుతుంది, లోపల పొడి పిండి అలాగే ఉంటుంది. ఎంత గరిటె తిప్పినా ఆ ఉండ విడిపోదు. ఫ్లాక్యులెంటు పొడి కూడా అచ్చం అంతే. నీళ్లు తగలగానే పైపొర జిగురవుతుంది, లోపలికి నీళ్లు పోనివ్వదు. మేం చేపకళ్లు అంటాం వాటిని, తెల్లగా గుండ్రంగా అలాగే ఉంటాయి. ఆ కళ్లు ఫిల్టరులో పడితే ఫిల్టరు మూసుకుపోతుంది, పైపులో పడితే వాల్వు. మీరు కొన్న మందులో సగం ఆ కళ్లలోనే ఉండిపోతుంది.

అందుకని ఎలా కలపాలి? పొడి ఒక్కో గింజా విడివిడిగా తడవాలి. చిమ్ముకుంటూ పారే నీళ్ల మీద సన్నగా రాలాలి. తర్వాత నెమ్మదిగా తిప్పాలి, అరగంట నుంచి గంట దాకా. గొలుసు ముడి విప్పుకోవడానికి అంత టైము పడుతుంది. తొందరపడి వేగంగా తిప్పితే ఏమవుతుంది? గొలుసు తెగుతుంది. రెండు లక్షల లింకుల గొలుసు, గుర్తుందా? దాన్ని మిక్సీలో వేసినట్టవుతుంది. అందుకే ఈ ద్రావణానికి మామూలు సెంట్రిఫ్యూగల్ పంపు పెట్టకూడదంటాం, అది లోపల చిలికేస్తుంది. స్క్రూలా మెల్లగా తోసే ప్రోగ్రెసివ్ క్యావిటీ పంపు పెడతాం.

కలిసిందో లేదో ఎలా తెలుస్తుంది? మా పాత ఆపరేటరు ఒకాయన చేతికి గ్లవ్సు తొడుక్కుని రెండు వేళ్ల మధ్య తీసి చూసేవాడు. అరిసెల పాకం చూసినట్టు. తీగ సాగితే సరే. వేళ్ల మధ్య నీళ్లలా జారిపోతే గొలుసు తెగిందన్నమాట. ల్యాబు రిపోర్టు సాయంత్రం వచ్చేది, ఆయన రిపోర్టు అక్కడికక్కడే.

ఇంకో రెండు మాటలు తొందరగా చెప్పేస్తాను. మందు కలపడానికి మంచినీళ్లే వాడండి, ఉప్పదనం, ఇనుము ఉన్న నీళ్లలో గొలుసు ముడుచుకుంటుంది, తెగుతుంది. కలిపినదాన్ని రోజుల తరబడి నిలవ పెట్టకండి. మన సముద్రపు గాలికి సంచి మూతి తెరిచి వదిలేస్తే తెల్లారేసరికి పొడి గట్టిపడి ఉంటుంది, సంచి మూతి కట్టెయ్యండి.

తర్వాత పలచబరచడం. తొట్టిలో కలిపిన ద్రావణం 0.25 నుంచి 0.5 శాతం ఉంటుంది. అది చిక్కగా ఉంటుంది, దాన్ని అలాగే బురదలో పోస్తే పడినచోటే పడి ఉంటుంది. బురదంతా పరుచుకోదు. అందుకే ఇంకా పది రెట్లు పలచబరిచి పోస్తాం. బురద కూడా మరీ చిక్కగా ఉండకూడదు. పది, పన్నెండు శాతం ఘనం దగ్గర మందు బాగా పట్టుకుంటుంది. దానికంటే చిక్కగా వస్తుంటే ఏం చేస్తాం? థిక్నర్ పైన పొర్లే తేట నీళ్లనే తెచ్చి ఫీడ్‌వెల్‌లో కలుపుతాం. నీళ్లు తియ్యడానికి నీళ్లు పొయ్యడమేంటని మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను.

నవ్వి, తర్వాత ఏడ్చాను కూడా. అది చెబుతాను.

వేరే రాష్ట్రంలో ఒక ప్లాంటు, పేరు వద్దు. నేను రాత్రి షిఫ్టు ఇన్‌ఛార్జిని. రెండు గంటల వేళ ఆపరేటరు ఫోన్ చేశాడు. "సార్, ఓవర్‌ఫ్లో ఎర్రగా వస్తోంది." నేను చూడ్డానికి వెళ్లలేదు. అక్కడుంది తప్పు. కుర్చీలోంచే అన్నాను, డోసు పెంచు. పెంచాడు. అరగంటకి మళ్లీ ఫోను, ఇంకా ఎర్రగానే ఉంది సార్. ఇంకా పెంచు. మూడోసారి ఫోను రాలేదు, రేక్ అలారం మోగింది. టార్క్, అంటే రేక్‌ని తిప్పడానికి పట్టే బలం, పెరిగిపోయింది. రేక్ పైకి లేపాం, అయినా టార్క్ పెరగడం ఆగలేదు, ట్రిప్ అయింది, అంటే రేక్ దానంతటదే ఆగిపోయింది. అప్పుడు పరిగెత్తాను. ఫీడ్‌వెల్ దగ్గర లైటు వేసి చూస్తే ఏముంది? అరచెయ్యంత మడ్డి ముద్దలు, జిగురుగా, వాటి పక్కన ఏమీ పట్టని ఎర్ర నీళ్లు. పలచబరిచే నీళ్ల లైన్లో వాల్వు మూసుకుపోయి ఉంది. చిక్కటి మందు నేరుగా పడుతోంది. దొరికిన మట్టిని అతిగా పట్టుకుంటోంది, దొరకనిదాన్ని అసలు తాకట్లేదు. నేను డోసు పెంచిన కొద్దీ ముద్దలు పెరిగాయి, తేట పెరగలేదు.

అడుగున పడ్డ ఆ మడ్డి రేక్‌ని పట్టేసింది. దాన్ని వదిలించడానికి రెండు పగళ్లూ రెండు రాత్రులూ హోస్ పైపులు పట్టుకున్నాం. ఆ రోజుల్లో టెన్షన్‌తో నాకు అన్నం సయించలేదు. రిపోర్టులో మాత్రం వాల్వు చెడిందని రాశారు. నా కుర్చీ గురించి ఎవరూ రాయలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

డోసు ఎక్కువైతే ఇంకో చిక్కుంది. వంతెన కట్టాలంటే ఎదుటి రేణువు మీద ఖాళీ ఉండాలి కదా? రేణువంతా గొలుసుతో కప్పేస్తే కొస పట్టుకోవడానికి చోటెక్కడ? సగం కప్పినప్పుడే పట్టు బాగుంటుంది. మందు ఎక్కువైతే పని తగ్గుతుంది, బిల్లు పెరుగుతుంది.

ఇంకోటి. పెద్ద పెద్ద ఫ్లాక్స్ చకచకా దిగితే సంబరపడిపోతాం. కానీ పెద్ద ఫ్లాక్ అంటే లోపల నీళ్లు కూడా పెద్దగానే ఉంటాయి. దూది మూటలా. అడుగుకి చేరాక ఆ నీళ్లు పిండాలి. ఆ పిండే పని మందుది కాదు, పైనున్న మడ్డి బరువుది, రేక్‌దీ. రేక్‌కి నిలువు కడ్డీలు పెడతారు, నీళ్లు పైకి పోవడానికి దారి చేస్తాయి. కాబట్టి మేనేజరు గారు ఓవర్‌ఫ్లో చూసి బాగుందన్నా, మీరు అండర్‌ఫ్లో డెన్సిటీ చూడండి. చిక్కగా ఉందా? అది చూశాకే టీకి వెళ్లండి.

మూడో జాడీ మిగిలింది. రెండోదానిలో పోసినంతే, అదే 3 మిల్లీలీటర్లు. కడ్డీ మూడుసార్లు. చూడండి, అవే గింజలు కట్టాయి. ఇప్పుడు నేను మా మామ్మ తిట్టిన పని చేస్తాను. గబగబా ఇరవైసార్లు... అయింది. గింజలెక్కడ? అంతా పాలలా కలిసిపోయింది. మళ్లీ మెల్లగా తిప్పి చూస్తున్నాను... రావు. గొలుసు తెగిపోయింది, ఇంక అతకదు. మళ్లీ కొత్త మందు పొయ్యాలి. ప్లాంటులో ఫీడ్‌వెల్ దాటాక ఎక్కడో ఒక మలుపు, ఒక పంపు, ఎత్తునుంచి పడే చోటు, ఇరవైసార్లు ఆడించినట్టే చేస్తుంది. అందుకే మందు ఎక్కడ పోశారన్నది నేను మొదట అడుగుతాను. ఎంత పోశారన్నది తర్వాత. ఇండుప గింజ పేరు తలచుకున్నంత మాత్రాన నీళ్లు తేరవని పెద్దలు ఊరికే అన్లేదు.

సేఫ్టీ గురించి ఒక్క మాట, ఇది ఎవరూ రాసుకోరు కానీ ఆస్పత్రికి పంపేది ఇదే. ఈ పొడి నేల మీద పడితే నీళ్లు పొయ్యకండి. పోశారా, కాలు పెడితే జారి నడుము విరుగుతుంది. అరటి తొక్క దీని ముందు ఎంత? ముందు పొడిగానే ఊడ్చి ఎత్తండి, మిగిలినదాని మీద ఇసుక చల్లండి. పొడి పీల్చకుండా ముక్కుకి మాస్కు ఉండాలి. గొలుసుగా మారిన మందు అంత విషం కాదు, కానీ దాంట్లో గొలుసు కాకుండా కొంచెం మిగిలిపోయే యాక్రిలమైడ్ మంచిది కాదు. తాగే నీళ్లలో అది లీటరుకి 0.5 మైక్రోగ్రాముకి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. ధనావేశం ఉన్న రకాలు చేపలకి హాని చేస్తాయి. మన దగ్గర ప్రతి ఊరికీ ఒక చెరువుంది, ఓవర్‌ఫ్లో పొర్లి అటు పోకుండా చూసుకోండి.

టైము ఎంతయింది? మొదటి జాడీ పెట్టి నలభై నిమిషాలు. చూడండి, లోపల ముతకది అడుగున ఒక వేలెడు పేరుకుంది, పైనంతా ఇంకా ఎరుపే. వెనక్కి పుస్తకం పెట్టి చూడండి, అక్షరం కనబడదు. రెండోదాని వెనక పెట్టి చదువుకోవచ్చు. ఈ మొదటిదాన్ని ఇక్కడే వదిలేసి వెళ్తున్నాను. మేష్టారూ, ఎవరూ కదపకుండా చూడండి, రేపు పొద్దున్న పిల్లల్ని పిలిచి చూపించండి. ఇప్పుడు ప్రశ్నలుంటే ముందుకొచ్చి అడగండి. ఆ సిరంజి ముట్టుకోవద్దు బాబూ, చేతికి జిగురంటుకుంటే సబ్బుకి పోదు.